పెళ్లి ఒకచోట, కాపురం ఒకచోట: కాగితాల సందేహాలు

వేరే దేశపు పౌరుడినో పౌరురాలినో వివాహం చేసుకోబోతున్నవారి నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఉత్తరాలకే ఈసారి శీర్షికను పూర్తిగా కేటాయించాం. ఉత్తరాలను కుదించి, రాసినవారి వివరాలను తొలగించాం. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ పెళ్లి తేదీ ముందు ఖాయమైంది, కాగితాల ప్రశ్న ఆ తర్వాత పుట్టింది. ఈ వరస తిరగబడాలన్నదే మా జవాబులన్నింటి సారాంశం.

ప్రశ్న: నేను, నాకు కాబోయే భర్త వేర్వేరు దేశాల పౌరులం. ఇద్దరం ఉద్యోగరీత్యా మూడో దేశంలో ఉన్నాం. మూడింటిలో ఎక్కడ పెళ్లి చేసుకుంటే కాగితాల పని తక్కువ ఉంటుంది? మా పెద్దలు ఇప్పటికే తేదీ నిర్ణయించి, హాలు కూడా మాట్లాడేశారు.

జవాబు: ఎక్కడ పెళ్లి సులువన్న ప్రశ్న కంటే ముందు, పెళ్లయ్యాక ఎక్కడ ఉండబోతున్నారన్నది తేల్చుకోండి. మీ వివాహ పత్రాన్ని రేపు పరీక్షగా చూసేది దాన్ని ఇచ్చిన కార్యాలయం కాదు, మీరు కాపురం పెట్టబోయే దేశపు వీసా అధికారి; ఆయన తర్వాత అక్కడి పన్నుల శాఖ, బీమా సంస్థ, పిల్లలు పుడితే జనన నమోదు కార్యాలయం. కాబట్టి ఆ దేశం ఏ రకం వివాహ పత్రాన్ని అంగీకరిస్తుందో ముందు కనుక్కొని, అక్కడి నుంచి వెనక్కు లెక్క కట్టుకుంటూ రావాలి.

సాధారణంగా పెళ్లి జరిగే పద్ధతిని, అంటే నోటీసు, సాక్షులు, రిజిస్ట్రారు వంటి వాటిని, పెళ్లి జరిగే దేశపు చట్టం నిర్ణయిస్తుంది. పెళ్లాడే అర్హతను, అంటే వయసు, దగ్గరి బంధుత్వం, అంతకు ముందు జరిగిన వివాహం వంటి వాటిని, చాలా దేశాలు ఎవరికి వారి సొంత దేశపు చట్టాన్నిబట్టో స్థిరనివాసపు చట్టాన్నిబట్టో చూస్తాయి. అందువల్ల మీ ఇద్దరూ రెండు పరీక్షలూ దాటాలి. ఒక దేశంలో చెల్లిన పెళ్లి ప్రపంచమంతటా దానంతటదే చెల్లుతుందనుకోవడం సరికాదు. వివాహాల గుర్తింపు కోసం 1978లో హేగ్‌లో ఒక ఒప్పందం సిద్ధమైంది గానీ, దాన్ని అమల్లోకి తెచ్చుకున్నవి ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ మాత్రమే. మిగిలిన దేశాలు తమ తమ చట్టాల ప్రకారమే నడుచుకుంటాయి.

సులువుగా పెళ్లి జరిగే దేశాలు లేకపోలేదు. యూరప్‌లో పనిచేసే వేర్వేరు దేశాల జంటలు ఎందరో డెన్మార్క్ వెళ్తారు. అక్కడ కుటుంబ వ్యవహారాల సంస్థ ముందుగా కాగితాలు పరిశీలించి ఒక పత్రం ఇస్తుంది, దానితో నాలుగు నెలల్లోగా ఆ దేశపు ఏ పురపాలక కార్యాలయంలోనైనా పెళ్లి చేసుకోవచ్చు. అయితే ఆ పెళ్లి వల్ల డెన్మార్క్‌లో గానీ మరో దేశంలో గానీ నివాస హక్కు రాదు. పెళ్లి చెల్లడం వేరు, కలిసి ఉండడానికి అనుమతి రావడం వేరు. వచ్చే ఉత్తరాల్లో సగం చిక్కులు ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లే పుడుతున్నాయి.

మీ దేశపు రాయబార కార్యాలయంలో పెళ్లి కుదురుతుందేమోనని కూడా అడిగారు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం కాన్సులేట్లకు నోటరీగా, పౌర రిజిస్ట్రారుగా వ్యవహరించే అవకాశం ఇచ్చింది, కానీ ఆతిథ్య దేశపు చట్టం ఒప్పుకుంటేనే. అందువల్ల మీ దేశం సరేనన్నంత మాత్రాన సరిపోదు, మీరు ఉంటున్న దేశం దాన్ని వివాహంగా లెక్కలోకి తీసుకుంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. మతపరమైన వేడుక విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఫ్రాన్స్ వంటి చోట్ల మేయరు కార్యాలయంలో పౌర వివాహం జరగనిదే మతవేడుక జరపకూడదు, వేడుకకు చట్టపరమైన విలువ కూడా లేదు. హాలు తేదీని వీలైతే వేడుకకు అట్టిపెట్టుకొని, రిజిస్ట్రారు ఎదుట పెళ్లికి వేరే తేదీ చూసుకోవడం మంచిది.

ప్రశ్న: నాకు కాబోయే భార్య అమెరికా పౌరురాలు. మేము జర్మనీలో పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. అక్కడి నమోదు కార్యాలయం ఆమెను తన దేశం నుంచి వివాహార్హత పత్రం తెమ్మంటోంది. అమెరికాలో అలాంటి పత్రం ఇచ్చే కార్యాలయమే లేదని ఆమె చెబుతోంది. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరిదీ నిజమే. పెళ్లికి అడ్డంకి లేదని ఒక ప్రభుత్వం రాసివ్వాలంటే, ఆ ప్రభుత్వం దగ్గర ఎవరికి పెళ్లయింది, ఎవరికి కాలేదు అన్న సమాచారం ఒకచోట ఉండాలి. జర్మనీలో పౌర నమోదు వ్యవస్థ అంత పకడ్బందీగా ఉంది కాబట్టి ఆ దేశం మిగిలినవారి నుంచీ అదే ఆశిస్తుంది. అమెరికాలో పెళ్లిళ్లు కౌంటీల్లోనూ రాష్ట్రాల్లోనూ నమోదవుతాయే తప్ప దేశం మొత్తానికి ఒక పుస్తకం లేదు.

ఈ చిక్కును జర్మనీ చట్టమే ఊహించింది. పౌర స్మృతిలోని 1309వ సెక్షన్ విదేశీయులను ఈ పత్రం అడుగుతూనే, తమ దేశం అటువంటిది ఇవ్వనివారికి మినహాయింపు మంజూరు చేసే అధికారాన్ని ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానపు అధ్యక్షుడికి ఇచ్చింది. మీరు కోర్టు చుట్టూ తిరగనవసరం లేదు; మీ పెళ్లి నమోదు చేసుకునే కార్యాలయమే దరఖాస్తును అక్కడికి పంపుతుంది. మినహాయింపు వచ్చిన తర్వాత అది ఆరు నెలలు మాత్రమే చెల్లుతుంది, వివాహార్హత పత్రానికీ గడువు ఆరు నెలలే. తేదీ తర్వాత పెట్టుకోమని మేము పదే పదే చెప్పడానికి కారణం ఇదే. కాగితం మరీ ముందు తెచ్చుకుంటే కాలం చెల్లిపోతుంది, మరీ ఆలస్యంగా అడిగితే చేతికి అందదు.

ఇతర దేశాల్లో పెళ్లాడే అమెరికన్లు తాము అవివాహితులమని ప్రమాణం చేసి అఫిడవిట్ ఇస్తుంటారు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. ఆ ప్రమాణం రాయబార కార్యాలయంలో కాన్సులర్ అధికారి ఎదుట చేస్తే, ఆ కాగితానికి అపోస్టిల్ (సంతకం, ముద్ర అసలైనవని విదేశాల కోసం ఇచ్చే ధ్రువీకరణ; వివరాలు తర్వాతి జవాబులో) వేయించడం కుదరదు, ఎందుకంటే దౌత్య, కాన్సులర్ అధికారులు ఇచ్చిన దస్తావేజులకు అపోస్టిల్ ఒప్పందం వర్తించదని దాని మొదటి అధికరణమే చెబుతోంది. అటువంటి కాగితాన్ని సాధారణంగా పెళ్లి జరిగే దేశపు విదేశాంగ శాఖ దగ్గర ధ్రువీకరించుకోవాలి. అదే ప్రమాణాన్ని అమెరికాలో ఒక నోటరీ ఎదుట చేస్తే, ఆ రాష్ట్రపు అధికారులు దానికి అపోస్టిల్ ఇస్తారు. రెండు దారుల్లో ఏది కావాలో పెళ్లి నమోదు కార్యాలయాన్నే అడిగి, వారు చెప్పిన మాటను ఈమెయిలులో తెప్పించుకోండి. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పినది మరుసటి వారం మరో ఉద్యోగి ముందు నిలబడదు.

ప్రశ్న: నా జనన ధ్రువీకరణ పత్రానికి అపోస్టిల్ వేయించి పంపాను. అయినా విదేశీ కార్యాలయం తిప్పి పంపింది. అపోస్టిల్ ఉంటే ఇక తిరుగులేదన్నారే?

జవాబు: వారు ఏ కారణం చెప్పారో మీరు రాయలేదు. అందుకని సాధారణంగా ఎదురయ్యే కారణాలే చెబుతాం.

ముందు అపోస్టిల్ అంటే ఏమిటో చూద్దాం. అది చతురస్రాకారంలో, ఒక్కో వైపు కనీసం 9 సెంటీమీటర్లు ఉండే ధ్రువీకరణ. పైన ఫ్రెంచిలో శీర్షిక, ఆ కింద వరుస సంఖ్యలతో పది అంశాలు ఉంటాయి: ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో చేశారు, ఎవరి ముద్ర, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు ధ్రువీకరించారు, క్రమసంఖ్య, ముద్ర, సంతకం. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం నుంచి ఇది పుట్టింది, 1965లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 120కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. భారతదేశానికి 2005 జులై నుంచి, చైనాకు 2023 నవంబరు నుంచి, కెనడాకు 2024 జనవరి నుంచి వర్తిస్తోంది. పది అంశాలూ మరోసారి చూడండి. సంతకం అసలైనదనీ, ముద్ర అసలైనదనీ తప్ప, లోపల రాసినది నిజమని ఎక్కడా లేదు. పుట్టిన తేదీ తప్పుగా పడిన పత్రానికీ అపోస్టిల్ వస్తుంది, ఆ తప్పు తప్పుగానే ఉంటుంది.

ఇక కారణాలు. మొదటిది కాలదోషం. ఫ్రాన్స్‌లో పెళ్లికి ఇచ్చే జనన పత్రం ఆ దేశంలో జారీ అయితే మూడు నెలలు, విదేశాల్లో జారీ అయితే ఆరు నెలలు దాటి ఉండకూడదన్నది సాధారణ నియమం. పుట్టినప్పుడు ఇచ్చిన కాగితం అసలుదే కావచ్చు, కానీ వారికి కావలసినది కొత్తగా తీసిన నకలు. రెండోది అనువాదం. అపోస్టిల్ వేయించకముందే అనువాదం చేయిస్తే, తర్వాత చేరిన ముద్రలు అనువాదంలో ఉండవు, దాంతో అసంపూర్ణమని తిప్పి పంపుతారు. కనుక పత్రం, అపోస్టిల్, అనువాదం అన్న వరసే క్షేమం. అనువాదకుడి విషయంలోనూ తేడాలున్నాయి. జర్మనీ, ఫ్రాన్స్ తమ కోర్టుల్లో ప్రమాణం చేసిన అనువాదకులను కోరుకుంటాయి. అమెరికా వలస శాఖ మాత్రం రెండు భాషలూ వచ్చినవారు ఎవరైనా సరే, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని సంతకంతో ధ్రువీకరిస్తే తీసుకుంటుంది. మూడోది అరుదైనదే అయినా మొండిది: సభ్యదేశం ఒకటి, కొత్తగా చేరిన దేశం విషయంలో అభ్యంతరం తెలిపితే ఆ రెండింటి మధ్య ఒప్పందం అమల్లో ఉండదు. రెండు దేశాలూ సభ్యులే కదా అని నిశ్చింతగా ఉండకుండా, ఆ రెండింటి మధ్య చెల్లుతుందా అని అడగాలి. చెల్లకపోతే విదేశాంగ శాఖ, ఆపైన రాయబార కార్యాలయం అన్న పాత అటెస్టేషన్ దారి తప్పదు.

ఐరోపా సమాఖ్య దేశాల మధ్య మాత్రం 2019 ఫిబ్రవరి 16 నుంచి జనన, వివాహ పత్రాల వంటివాటికి అపోస్టిల్ అక్కరలేదు. కోరితే బహుభాషా ఫారం జతచేసి ఇస్తారు, దానితో అనువాదపు ఖర్చు కూడా చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: జనన పత్రంలో నా పేరు ఒక రకంగా, డిగ్రీ పట్టాలో మరో రకంగా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఒకే మనిషినని అఫిడవిట్ ఇస్తే చాలదా?

జవాబు: కొన్నిచోట్ల చాలుతుంది. కానీ ప్రతి కొత్త కార్యాలయంలోనూ ఆ అఫిడవిట్‌ను మళ్లీ చూపించి, మళ్లీ వివరించుకుంటూ ఉండాలి. పెళ్లికి ముందే సరిదిద్దుకోగలిగితే సరిదిద్దుకోండి, ఎందుకంటే వివాహ పత్రంలో ఏ పేరు పడితే ఆ పేరే తర్వాతి కాగితాలన్నింటికీ ఆధారమవుతుంది.

పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి, ఒక్కో వరుసలో 44 గుర్తులు. ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా రావలసినది పై వరుసలోనే. విదేశీ కార్యాలయాలు మిమ్మల్ని గుర్తించేది ఆ వరుసను బట్టే. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ సొంత పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, సొంత పేరు ఉండాల్సిన చోట పేరు తెలియదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అన్న మూడక్షరాలు పడతాయి. ఆ మూడక్షరాలు బ్యాంకు ఖాతా మీదా, డ్రైవింగ్ లైసెన్సు మీదా చేరి ఏళ్లతరబడి వదలని వారున్నారు. కాబట్టి ముందు పాస్‌పోర్టు, తర్వాత జనన పత్రంతో పొంతన, ఆపైన మిగిలినవి చూసుకోండి. పట్టాలోని తేడాకు అఫిడవిట్ సరిపోవచ్చు.

ప్రశ్న: నాకు విడాకులయ్యాయి. తీర్పు నకలు నా దగ్గర ఉంది. వేరే దేశపు వ్యక్తితో మళ్లీ పెళ్లికి ఇంకేమైనా కావాలా?

జవాబు: తీర్పు అంతిమమైనదా కాదా అన్నది మొదట చూడండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో విడాకులు రెండు మెట్లలో వస్తాయి. మొదటి ఉత్తర్వును లోగడ డిక్రీ నైసై అనేవారు, 2022 ఏప్రిల్ నుంచి షరతులతో కూడిన ఉత్తర్వు అంటున్నారు. ఆరు వారాల గడువు దాటాక విడిగా దరఖాస్తు చేస్తే వచ్చే తుది ఉత్తర్వుతోనే పెళ్లి రద్దవుతుంది. మొదటి కాగితం చేతికి రాగానే అంతా ముగిసిందనుకొని రెండో పెళ్లికి నోటీసు ఇచ్చేవారు ఉన్నారు. మీ దేశంలో అప్పీలు గడువు ఉంటే, అది ముగిసిందని కోర్టు నుంచి ధ్రువీకరణ తెచ్చుకోండి.

ఆ విడాకులను పెళ్లి జరగబోయే దేశం గుర్తిస్తుందా అన్నది రెండో మెట్టు. ఫిలిప్పీన్స్‌లో, విదేశంలో మంజూరైన విడాకులను అక్కడి కోర్టు ఆమోదించాకే ఫిలిప్పీన్స్ పౌరులు మళ్లీ పెళ్లాడగలరు. అందుకు నెలలు పడుతుంది. విడాకులకూ మళ్లీ పెళ్లికీ మధ్య విరామం కోరే చట్టాలు కూడా కొన్ని ఉన్నాయి. జపాన్‌లో స్త్రీలకు మాత్రమే ఉన్న 100 రోజుల విరామాన్ని 2024 ఏప్రిల్‌లో ఎత్తివేశారు, ఎత్తివేయవలసిందే.

ప్రశ్న: ఇద్దరం ఒకచోట చేరడం కుదరడం లేదు. వీడియో కాల్‌లో పెళ్లి చేసుకోవచ్చా?

జవాబు: అమెరికాలోని యూటా కౌంటీ అలాంటి పెళ్లిళ్లు నమోదు చేస్తోంది. అయితే ఇద్దరూ ఒకచోట లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత దంపతులు కలిసి కాపురం చేసేదాకా, అమెరికా వలస చట్టమే వీసా కోసం లెక్కలోకి తీసుకోదు. చాలా ఇతర దేశాలు అసలు గుర్తించవు. మా సలహా: వద్దు.

ప్రశ్న: నేను పర్యాటక వీసా మీద వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకొని ఉండిపోతే సరిపోతుందని కొందరు స్నేహితులు చెబుతున్నారు. నాకు కాబోయే భర్త అమెరికా పౌరుడు.

జవాబు: పెళ్లి చేసుకొని స్థిరపడాలన్న ఉద్దేశాన్ని మనసులో పెట్టుకొని, చూసి తిరిగొస్తానని చెప్పి వీసా తీసుకోవడం అబద్ధం చెప్పడమే. అది బయటపడితే ఈ ఒక్క దరఖాస్తుతో పోదు, జీవితాంతం ప్రతి వీసా ఫారంలోనూ వెంటాడుతుంది.

మీ వంటివారి కోసమే కె-1 వీసా ఉంది. మీకు కాబోయే భర్త ఐ-129ఎఫ్ ఫారంతో దరఖాస్తు చేయాలి. ఇది అమెరికా పౌరులకే, గ్రీన్‌కార్డు ఉన్నవారికి వర్తించదు. దరఖాస్తుకు ముందు రెండేళ్ల లోపల మీరిద్దరూ కనీసం ఒకసారి ముఖాముఖి కలుసుకొని ఉండాలి. ఫోన్ సంభాషణలు ఆ లోటు తీర్చవు. వీసా వచ్చి అమెరికాలో అడుగుపెట్టాక 90 రోజుల్లోగా ఆయననే పెళ్లాడాలి. ఆ గడువును పొడిగించరు, మరో రకం వీసాలోకి మారనివ్వరు. పెళ్లయ్యాక నివాస హోదాకు దరఖాస్తు చేసి, ప్రయాణ అనుమతి చేతికి రాకముందే అమెరికా దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే. తోబుట్టువు పెళ్లికో, పెద్దవారి అనారోగ్యానికో బయలుదేరి అక్కడే చిక్కుకుపోయేది ఇలాంటివారే.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. సాధారణ సందర్శక వీసా మీద అక్కడ పెళ్లి చేసుకోకూడదు. పెళ్లి చేసుకొని తిరిగి వెళ్లిపోయేవారికి ఆరు నెలల వివాహ సందర్శక వీసా, ఉండిపోయేవారికి కాబోయే జీవిత భాగస్వామి వీసా ఉన్నాయి. పెళ్లికి 28 రోజుల నోటీసు ఇవ్వాలి, హోం శాఖ పరిశీలనకు ఎంచుకుంటే అది 70 రోజులవుతుంది. తిరుగు టికెట్టు కొనేముందు ఆ 70 రోజులూ లెక్కలో పెట్టుకోండి.

ఏ దేశమైనా మీ బంధం నిజమైనదని రుజువు అడుగుతుంది. కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, ఇరు కుటుంబాలతో దిగిన ఫొటోలు, డబ్బు పంపిన రసీదులు తేదీలవారీగా సర్దుకోండి. వందల పేజీల చాటింగ్ ఎవరూ చదవరు, నెలకొకటి చొప్పున ఎంచి పెట్టండి. పోలీసు ధ్రువీకరణ విషయంలో ఒక హెచ్చరిక: అమెరికా వలస వీసాకు, 16 ఏళ్లు నిండాక ఏడాదికి పైగా నివసించిన ప్రతి దేశం నుంచీ అది కావాలి. చదువుకోసం ఎప్పుడో ఉండి వచ్చిన దేశం ఆఖరి నిమిషంలో గుర్తొస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి విదేశీయుడిని ఇష్టపడింది. అబ్బాయి మంచివాడే. పెళ్లితో మా అమ్మాయి పౌరసత్వం పోతుందా? రేపు ఏదైనా తేడా వస్తే ఆమె గతేమిటి? తండ్రిగా ఈ ప్రశ్న అడగక తప్పడం లేదు.

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఒకప్పుడు మీ భయం నిజమయ్యేది. 1907 నాటి చట్టం ప్రకారం విదేశీయుడిని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కోల్పోయేది, 1922లో కేబుల్ చట్టంతో ఆ నియమం చాలావరకు తొలగింది. 1957లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒప్పందం, పెళ్లి గానీ విడాకులు గానీ భార్య పౌరసత్వాన్ని దానంతటదే మార్చకూడదని తేల్చింది. ఇప్పుడు ప్రమాదం మరోవైపు ఉంది. కొన్నేళ్ల తర్వాత భర్త దేశపు పౌరసత్వానికి ఆమె స్వయంగా దరఖాస్తు చేస్తే, రెండు పౌరసత్వాలను ఒప్పుకోని దేశం తనది రద్దు చేస్తుంది. ఆ సంతకం తొందరపడి చేయకూడదు.

రెండో ప్రశ్నకు జవాబు దేశాన్నిబట్టి మారుతుంది. ఉదాహరణకు అమెరికాలో, పెళ్లయి రెండేళ్లు నిండకముందే నివాస హోదా వస్తే అది రెండేళ్ల షరతుతో వస్తుంది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఐ-751 ఫారం వేయాలి. విడాకులైనా, భర్త హింసించినా ఆమె ఒంటరిగా కూడా వేయవచ్చు. నా సంతకం లేకపోతే నీకు దిక్కులేదని ఎవరైనా ఆమెను బెదిరిస్తే అది నిజం కాదని ఆమెకు ముందే తెలిసి ఉండాలి. అలాగే భార్యను పోషిస్తానని భర్త ప్రభుత్వానికి ఇచ్చే హామీ విడాకులతో రద్దు కాదు, ఆమె పౌరురాలయ్యేదాకా, లేదా చట్టం చెప్పిన మరికొన్ని సందర్భాలు వచ్చేదాకా కొనసాగుతుంది. కెనడాలో భార్యాభర్తల విషయంలో ఈ హామీ మూడేళ్లు ఉంటుంది, విడిపోయినా ఆగదు.

ఆస్తి ఒప్పందం మాట ఎత్తడానికి మీరు మొహమాటపడుతున్నట్టున్నారు, అవసరం లేదు. వేర్వేరు దేశాల్లో ఆస్తులున్నప్పుడు ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్నది ముందే రాసుకోవడం ఇద్దరికీ మంచిది. ఐరోపా సమాఖ్యలోని 18 దేశాల్లో 2019 జనవరి 29 నుంచి అమల్లో ఉన్న నిబంధన, దంపతులు తమలో ఎవరి నివాస దేశపు చట్టాన్నైనా, పౌరసత్వపు దేశ చట్టాన్నైనా ఎంచుకోనిస్తుంది. ఒప్పందం రాసేటప్పుడు మీ అమ్మాయికి ఆమె సొంత న్యాయవాది ఉండాలి. అబ్బాయి తరఫు న్యాయవాదే ఇద్దరికీ చూస్తానంటే ఒప్పుకోవద్దు. పాస్‌పోర్టు, వివాహ పత్రం, వీసా దరఖాస్తుల నకళ్లు ఆమె ఈమెయిల్లోనూ, మీ ఇంట్లోనూ ఒక్కో కట్ట ఉంచండి.

ప్రశ్న: గత నెల విదేశంలో మా పెళ్లయింది. ఇక కాగితాల పని అయిపోయినట్టేనా?

జవాబు: ఇంకొంచెం ఉంది. వేదిక దగ్గర ఇచ్చిన, పూలతీగల అంచుతో అందంగా ఉన్న పత్రం చాలాచోట్ల జ్ఞాపిక మాత్రమే. నమోదు కార్యాలయం నుంచి ముద్రతో వచ్చే ధ్రువీకృత నకలు అడగండి, ఒకటి కాదు, నాలుగైదు తీసుకోండి. దేశం వదిలాక అదే నకలు తెప్పించుకోవడం ఎంతో శ్రమ. అపోస్టిల్ కూడా అక్కడున్నప్పుడే వేయించండి, పెళ్లి ఏ దేశంలో జరిగిందో ఆ దేశమే అది ఇవ్వగలదు.

తర్వాత మీ మీ దేశాలకు పెళ్లి సంగతి తెలియజేయాలి. జపాన్ పౌరులైతే విదేశంలో జరిగిన పెళ్లిని మూడు నెలల్లోగా తెలపాలి. ఫ్రెంచి పౌరులు తమ నమోదు పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. కొన్ని దేశాలకు అటువంటి నియమమే లేదు.

మీలో ఒకరు ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటున్నట్టు రాశారు. భాగస్వామి వీసా పాత పేరుతో పరిశీలనలో ఉండగా ఆ పని చేయకండి. వీసా ముద్రపడి, ప్రయాణం చేసి, నివాస కార్డు చేతికి వచ్చాక ముందు పాస్‌పోర్టు మార్చుకొని, దాన్ని చూపించి కార్డు, బ్యాంకు ఖాతా వరసగా మార్చుకోండి. అప్పటిదాకా విమాన టికెట్టు మీదా పాస్‌పోర్టులోని పేరే ఉండాలి.